మేం వెళ్ళినప్పుడు షాంఘైలో ముసురు

జూన్ మూడో వారంలో భార్యాభర్తలిద్దరం షాంఘై వెళ్తున్నాం, ఉండేది రెండు రాత్రులే, ఫోన్లో చూస్తే మూడు రోజులూ వానే చూపిస్తోంది, టికెట్లు రద్దు చేసుకోవాలా అని అడిగారు. వద్దు, వెళ్ళండి. మీ ప్రశ్నకి జవాబు ఇంతే. మిగతాదంతా నా సోది, ఓపికుంటే చదవండి.

ముందు ఆ వాన సంగతి. హైదరాబాద్‌లో లాగా గంటసేపు కుండపోతగా కురిసి, రోడ్లన్నీ చెరువులు చేసి, ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు ఊరుకునే వాన కాదది. ముసురు. జూన్ మధ్యలో పట్టుకుంటే జూలై మొదటి, రెండో వారం దాకా వదలదు. ప్లమ్ పళ్ళు పండే కాలంలో వస్తుందని దాన్ని ‘మెయ్ యూ’ అంటారు, ప్లమ్ వాన అని. అదే మాటని ఇంకో అక్షరంతో రాస్తే బూజు వాన అవుతుంది. నాకైతే రెండో పేరే సరైనదనిపించింది. మొదటి రాత్రి హోటల్ బాత్‌రూమ్‌లో ఆరేసిన చున్నీ మూడో రోజు పొద్దున కూడా తడిగానే ఉంది, పైగా ముక్కిపోయిన వాసన. పాత సందుల్లో వాన కాస్త తెరిపిస్తే చాలు, పై అంతస్తు కిటికీల్లోంచి కర్రలు బయటికొస్తాయి, వాటినిండా బట్టలు. మళ్ళీ తుంపర మొదలవగానే అన్నీ లోపలికి. ఈ ఆట చూస్తూ ఓ టీ కొట్టు చూరు కింద అరగంట నిలబడ్డాం. ఏ టూర్ ప్యాకేజీలోనూ ఇది ఉండదు.

మా సంగతి చెప్పాలి. మావారు నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. నేను బ్యాంకులో 28 ఏళ్ళు చేసి మానేశాను. అమ్మాయి సింగపూర్‌లో ఉద్యోగం. పోయిన జూన్‌లో దాని దగ్గరికి వస్తామనగానే, “అమ్మా, నాకెలాగూ సెలవు లేదు, మీరిద్దరూ ఇంట్లో కూర్చుని నన్ను చూసి నిట్టూర్చే బదులు ఎక్కడికైనా వెళ్ళి రండి” అని షాంఘైకి టికెట్లు కొనిచ్చింది. ఎందుకు నిట్టూరుస్తామో తర్వాత చెప్తాను. సింగపూర్ నుంచి ఐదున్నర గంటల ప్రయాణం. యాభైకి పైగా దేశాలవాళ్ళు చైనా మీదుగా వేరే దేశానికి వెళ్తుంటే, వీసా లేకుండా 240 గంటలు ఉండనిస్తున్నారు. ఆ జాబితాలో మనం లేం. కాబట్టి వీసా పని ముందే చూసుకోండి. మేం హైదరాబాద్‌లో ఉండగానే ఏజెంటు చేతిలో పెట్టాం. ఆయన మా దగ్గర లాగినంత డబ్బుతో ఇంకో రాత్రి హోటల్లో ఉండొచ్చు, అది వేరే కథ.

మావారు ఎక్కడికెళ్ళినా ముందు ఎక్సెల్ షీటు తయారుచేస్తారు. షాంఘైకి 14 స్థలాలు, ఒక్కోదానికి ఎన్ని నిమిషాలు, ఏ మెట్రో లైను, ఎంత ఖర్చు. మొదటి గడిలో మాగ్లెవ్ రైలు. పూదోంగ్ విమానాశ్రయం నుంచి లోంగ్‌యాంగ్ రోడ్ దాకా 30 కిలోమీటర్లు, పట్టాలకి తగలకుండా అయస్కాంతం మీద తేలుతూ పోతుంది. గంటకి 431 కిలోమీటర్ల వేగం అని ఆయన ఎర్ర రంగు వేసి రాసుకున్నారు. ఎక్కాక తలుపు మీద అంకెలు 200, 250, 300 దాకా వెళ్ళి అక్కడే ఆగిపోయాయి. 2021 నుంచి 300కే పరిమితం చేశారని ఆ తర్వాత తెలిసింది. ఎనిమిది నిమిషాల ప్రయాణంలో ఆరు నిమిషాలు ఆ అంకెల వైపు ఫోన్ పట్టుకుని నిలబడ్డ మనిషి ముఖం మీరు చూడాలి. కిటికీ బయట వానలో పొలాలు, గోదాములు అన్నీ గీతల్లా సాగిపోతున్నాయి. నేను అవి చూశాను, ఆయన చూడలేదు.

రెండో గడిలో బండ్. హువాంగ్‌పు నది ఒడ్డున కిలోమీటరున్నర పొడవునా నడకదారి. ఇటువైపు తెల్లవాళ్ళ కాలం నాటి బ్యాంకులు, కస్టమ్స్ హౌస్. అటువైపు అందరి వాల్‌పేపర్లలో ఉండే ఆకాశహర్మ్యాలు. మేం వెళ్ళిన సాయంత్రం అటువైపు ఏమీ లేదు. నిజంగానే లేదు. 632 మీటర్ల షాంఘై టవర్ ముప్ఫయ్యో అంతస్తు దగ్గర కోసేసినట్టుంది, పైనంతా తెల్లటి మబ్బు. దాని పక్కన వరల్డ్ ఫైనాన్షియల్ సెంటర్ అని, సీసా మూత తీసే ఓపెనర్‌లా ఉంటుందంటారే, ఆ భవనానికి ఓపెనరే లేదు. ఓరియంటల్ పెర్ల్ టవర్‌కి కింది గోళం ఒక్కటీ గులాబీ రంగులో వెలుగుతోంది, జాతరలో పిల్లాడి చేతిలోంచి జారిపోయిన బెలూన్‌లాగా.

“118వ అంతస్తుకి టికెట్ తీసుకుందామా?” అన్నారు మావారు.

“పైకెక్కితే ఇదే తెలుపు ఇంకాస్త దగ్గర్నుంచి కనిపిస్తుంది” అన్నాను.

దాంతో ఆయన దృష్టి గోడ మీదికి మళ్ళింది. మనం నిలబడ్డ ఆ నడకదారే వరద గోడట. దాని ఎత్తు వల్లే నది పొంగినా ఊళ్ళోకి రాదట. విజయవాడలో కృష్ణలంక రిటైనింగ్ వాల్ 2024 సెప్టెంబర్ వరదలో ఎలా నిలబడిందో, బుడమేరు మాత్రం వేరే వైపు నుంచి సింగ్‌నగర్‌ని ఎలా ముంచిందో, వానలో నిలబడి పావుగంట చెప్పారు. ఆయన రిటైరయ్యారు కానీ ఆయనలోని ఇంజనీరు రిటైరవ్వలేదు. నేను ఈలోగా 1923లో కట్టిన పాత హెచ్‌ఎస్‌బీసీ భవనం దగ్గరికి వెళ్ళి, గుమ్మం ముందున్న కంచు సింహం పంజా నిమిరి వచ్చాను. అందరూ నిమిరీ నిమిరీ ఆ పంజా నునుపుదేలి ఉంది. బ్యాంకులో పనిచేసిన దాన్ని, మొక్కుకోవడానికి అంతకన్నా దేవుడెవరున్నారు?

అప్పుడే నది మీంచి గాలి ఒక్క విసురు విసిరింది. అమ్మాయి ఇచ్చిన మడత గొడుగు తిరగబడి రెండు పుల్లలు విరిగాయి. గుర్తుంచుకోండి, కథంతా ఈ గొడుగుదే.

మర్నాడు శనివారం. పీపుల్స్ స్క్వేర్ మెట్రో దిగి పీపుల్స్ పార్క్‌లోకి వెళ్ళాం. ఎక్సెల్ ప్రకారం అక్కడ 20 నిమిషాలు. మేం రెండున్నర గంటలు ఉన్నాం.

ఆ పార్కులో ఒక మూల శని, ఆదివారాల మధ్యాహ్నం పెళ్ళిళ్ళ సంత జరుగుతుంది. ఇరవై ఏళ్ళ పైనుంచి నడుస్తోంది. పెళ్ళి కావాల్సిన పిల్లలు రారు, వాళ్ళ అమ్మానాన్నలు వస్తారు. ఒక కాగితం మీద పుట్టిన సంవత్సరం, ఎత్తు, చదువు, జీతం, సొంత ఇల్లుందా, షాంఘైలో నివాసపు రిజిస్ట్రేషన్ ఉందా, ఇవన్నీ రాసి, తెరిచిన గొడుగుకి అంటించి నేల మీద పెట్టి వెనకాల కూర్చుంటారు. మామూలు రోజుల్లో దారికి రెండువైపులా వరసగా రంగురంగుల గొడుగులు ఉంటాయట. మేం వెళ్ళిన రోజు తుంపర పడుతోంది కదా, సగానికి సగం మంది రాలేదు. వచ్చినవాళ్ళకి పెద్ద సమస్య: గొడుగు నెత్తిన పట్టుకోవాలా, పిల్ల వివరాలు అంటించి కింద పెట్టాలా? ఒకాయన నెత్తిన పట్టుకున్న గొడుగు అంచుకే కాగితాన్ని బట్టల క్లిప్పులతో తగిలించాడు. అది గాలికి ఊగుతూ ఆయన ముఖానికి అడ్డం పడుతోంది. కొడుకు జీతం వెనక తండ్రి ముఖం.

నేను నవ్వలేదు. మా అమ్మాయికి 29. మూలా నక్షత్రం. చెప్పేశాను కదా, ఇక దాచడం దేనికి. రెండేళ్ళ నుంచి మ్యాట్రిమొనీ సైట్లలో ఉన్నాం. అమ్మాయి పేరుతో ప్రొఫైల్, రాసేది నేను, చాటింగ్ చేసేది వాళ్ళ నాన్న. ‘ట్రావెలింగ్, కుకింగ్ ఇష్టం’ అని రాశాం. దానికి మ్యాగీ చేయడం తప్ప ఇంకేం రాదు. అవతలివాళ్ళు ప్యాకేజీ ఎంత, హెచ్‌1బీ వచ్చిందా, ఊళ్ళో ఎకరాలెన్ని అని అన్నీ అడిగి, చివర్లో జాతకం పంపమంటారు, పంపాక ఫోనెత్తరు. మూల అనగానే మామగారికి గండమట. ఆ మామగారికి షుగరు, బీపీ, రోజుకో పెట్టె సిగరెట్లు, అవేవీ గండం కాదు. పెళ్ళిళ్ళలో ‘ఇంకా చూస్తున్నారా?’ అనే బంధువుల గురించి రాయడం మొదలుపెడితే మీ విమానం వెళ్ళిపోతుంది.

ఓ చెట్టు కింద మడత స్టూలు మీద డెబ్బై ఏళ్ళావిడ కూర్చుని ఉంది. పొట్టిగా కత్తిరించిన తెల్లజుట్టు, కాళ్ళకి రబ్బరు చెప్పులు. నెత్తిన ఒక నల్ల గొడుగు, ముందు నేల మీద తెరిచిన ముదురు నీలం గొడుగు. దాని మీద ప్లాస్టిక్ కవర్లో పెట్టిన కాగితాన్ని పైన టేపుతో, కింద క్లిప్పులతో బిగించింది. మావారు ఫోన్ కెమెరా దాని మీద పట్టారు. తెరమీద తెలుగులో వచ్చింది: ‘స్త్రీ. 1991. గొర్రె. 1.64. మాస్టర్స్. ఇల్లు ఉంది. సున్నిత స్వభావం.’ గొర్రె దగ్గర ఇద్దరం ఆగిపోయాం.

ఆవిడ మమ్మల్ని చూసి ఏదో అడిగింది. మావారు ఫోన్ ఆవిడ నోటి దగ్గర పెట్టారు. ‘నీటిలో కుర్చీ ఎంత?’ అని వచ్చింది. మళ్ళీ పెట్టారు. ఇంకేదో వచ్చింది. ఆవిడ మాట్లాడేది షాంఘై యాస, ఫోనుకి వచ్చింది మాండరిన్. పక్క గొడుగాయన వచ్చి చెప్పాక ఆవిడ బడిపిల్లలా ఒక్కో మాటా విడదీసి పలికింది. అప్పుడు వచ్చింది: ‘మీకు కొడుకా, కూతురా?’

కూతురు అన్నాం. ఏ సంవత్సరం? 1996. ఆవిడ వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, “ఎలుక! ఎలుక మంచిది” అంది. తర్వాత తన కాగితం మీద ఆ గొర్రె అన్న అక్షరాన్ని వేలితో తట్టి, తల అడ్డంగా ఊపింది. వాళ్ళకి జాతకం బదులు పన్నెండేళ్ళ చక్రం, ఏడాదికో జంతువు. గొర్రె ఏడాదిలో పుట్టిన ఆడపిల్లకి కాపురం కలిసిరాదని ఓ సామెత కూడా ఉంది, పది గొర్రెల్లో తొమ్మిదింటికి బతుకు నిండదని. చదువుకున్నవాళ్ళు నమ్మమంటారు, సంబంధం దగ్గరికొచ్చేసరికి వెనక్కి తగ్గుతారు. ఆ సంగతి నాకెవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. మా మూల గురించి ఫోన్లో చెప్పబోయాను. అది ఎలా అనువదించిందో కానీ ఆవిడ గదిలో ఓ మూలకేసి చూపించినట్టు చెయ్యి చూపించింది. వదిలేశాను.

కాగితం మీద ఫొటో లేదు. ఆవిడ తన ఫోన్లో చూపించింది. కళ్ళజోడు పెట్టుకున్న అమ్మాయి, పిల్లిని ఎత్తుకుని, కెమెరా వైపు చూడకుండా నవ్వుతోంది. ‘ఆమెకి తెలుసా, మీరిక్కడికొస్తారని?’ అని అడిగించాను. ఆవిడ పెదవుల మీద వేలు పెట్టుకుంది. నేను మావారి వైపు చూశాను. ఆయన వాన వైపు చూశారు.

ఇరవై ఏడు దాటి పెళ్ళికాని అమ్మాయిల్ని చైనాలో ‘షెంగ్ న్యూ’ అంటారు. మిగిలిపోయిన ఆడవాళ్ళు అని. అన్నం మిగిలినట్టు. ఈ మాట కనిపెట్టినవాళ్ళని మా మేనత్త దగ్గర వారం రోజులు కూర్చోబెట్టాలి.

వాన పెరిగింది. విరిగిన గొడుగు కింద ఇద్దరం నిలబడితే ఆయన ఎడమ భుజం, నా కుడి భుజం తడిసి ముద్దయ్యాయి. ఆవిడ అది చూసి లేచింది. నేల మీది నీలం గొడుగు తీసి, క్లిప్పులు ఊడదీసి, టేపు పీకి, కాగితాన్ని కవర్‌తో సహా సంచికి తగిలించుకుంది. గొడుగు మూసి నీళ్ళు విదిలించి నా చేతికిచ్చింది. వద్దన్నాం. వినలేదు. ఇచ్చి చేతులు దులుపుకుని, మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు గొడుగు లాక్కుని చూపుడు వేలు పైకెత్తింది. ఒకటి.

ఒక యువాన్ ఇమ్మంటోంది. అమ్ముతోందేమో అనుకున్నాను, మరీ ఇంత చవగ్గానా! పక్కాయన ఫోన్లో చెప్పాడు. వాళ్ళ భాషలో గొడుగుని ‘సాన్’ అంటారు, విడిపోవడం అన్న మాట కూడా దాదాపు అలాగే పలుకుతుంది. అందుకని గొడుగు ఊరికే ఇవ్వకూడదు, అందులోనూ మొగుడూ పెళ్ళాలకి అసలు ఇవ్వకూడదు. ఒక్క నాణెం తీసుకుంటే కొన్నట్టు లెక్క, దోషం ఉండదు. మా అమ్మమ్మ ఉప్పు, సూది చేతికివ్వకుండా కింద పెట్టి తీసుకోమనేది. ఈవిడ ఆవిడ చెల్లెలే అనుకున్నాను.

కానీ ఆ ఒక్క యువాన్ ఎక్కడ? ఆ ఊళ్ళో చిల్లర ఎవరి దగ్గరా ఉండదు, అంతా స్కానింగే. ఆవిడ తన క్యూఆర్ కోడ్ చూపించింది. అక్కడి పేమెంట్ యాప్ ఆలీపేలో మేం పెట్టుకున్నది విదేశీ కార్డు. దుకాణాల్లో చక్కగా పనిచేసింది, మనిషికి పంపబోతే కుదరదంది. పర్సులో ఒకే ఒక్క వంద యువాన్ల నోటు ఉంది. అది చూసి ఆవిడ నవ్వి చేతులు వెనక్కి పెట్టేసుకుంది. వానలో నలుగురం నిలబడి ఒక్క రూపాయి కోసం వెతుక్కుంటున్నాం. నిజంగా రూపాయే దొరికింది. నా హ్యాండ్‌బ్యాగ్ అడుగున, విజయవాడ కనకదుర్గమ్మ కుంకుమ పొట్లంతో పాటు.

ఇచ్చాను. ఆవిడ అటూ ఇటూ తిప్పి, సింహాల బొమ్మ ఉన్న వైపు చూసింది, బొటనవేలితో రుద్దింది, పక్కాయనకి చూపించింది. తర్వాత కూతురి కాగితం ఉన్న ఆ ప్లాస్టిక్ కవర్లోకి జారవిడిచింది. నాణెం 1991 మీదుగా, గొర్రె మీదుగా జారి అడుగున మూలకి వెళ్ళి ఆగింది.

మన దగ్గర నూట ఒక్క రూపాయల చదివింపులో ఆ చివరి ఒక్కటి ఎందుకో ఆవిడకి చెప్పాలనిపించింది. ఫోను మీద నమ్మకం లేక చెప్పలేదు.

సరే, భోజనం గురించి అడుగుతారు. మేం శాకాహారులం. ‘వో ఛీ సూ’ అని నేర్చుకోండి, శాకాహారం తింటాను అని అర్థం. పార్కు నుంచి నడిచి వెళ్ళేంత దూరంలోనే నాన్‌జింగ్ వెస్ట్ రోడ్‌లో గోంగ్దెలిన్ అని 1922 నుంచి ఉన్న శాకాహార హోటల్ ఉంది. సోయాతో బాతు మాంసంలాగా చేసి పెడతారు. మావారు అది చూసి జంకి పక్కన పెట్టేశారు. పుట్టగొడుగులు, ఆకుకూర కూరిన ఆవిరి బన్నులు మాత్రం ఇద్దరం ఆరు తిన్నాం. పొద్దున వీధి చివర యూత్యావ్ తినండి, పూరీ పిండిని పొడుగ్గా లాగి వేయించినట్టుంటుంది, వేడి సోయా పాలలో ముంచుకుని తినాలి. ఎక్కడికెళ్ళినా అడక్కుండానే వేడినీళ్ళిస్తారు. మా ఇంట్లో మూడు పూటలా వేడినీళ్ళడిగే మనిషికి అది స్వర్గం. హోటల్ వైఫైలో వాట్సాప్ రాదు, గూగుల్ రాదు. బయటి దేశం సిమ్ రోమింగ్‌లో ఉంటే వస్తాయి. లేకపోతే ఇద్దరూ కాసేపు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాల్సి వస్తుంది, సిద్ధపడి వెళ్ళండి.

ఎక్సెల్లో 14కి ఐదు అయ్యాయి. యూయువాన్ తోట బయట ఉన్న తొమ్మిది మలుపుల వంతెన మీద నిలబడి చెరువులో వాన చుక్కలు చూశాం, అది ఆరోది అని మావారు వాదిస్తారు, టికెట్ కొని లోపలికి వెళ్ళలేదు కాబట్టి లెక్కలోకి రాదంటాను. టవర్ల ఫొటో ఒక్కటీ సరిగ్గా లేదు. ‘షాంఘై వెళ్ళి ఏం చూశారు?’ అని అడిగిన మా మరిదికి గోళం ఫొటో చూపిస్తే, బెలూనా అన్నాడు. ఎండలో రెండు రోజులు పరుగెత్తి 14 చూసొచ్చినవాళ్ళకి ఊరు తెలుస్తుందంటే నేనొప్పుకోను. నా మట్టుకు షాంఘైని వానలోనే చూడాలి.

ఆ రెండు రోజులూ మేమిద్దరం ఒకే గొడుగు కింద నడిచాం. పెళ్ళయి 31 ఏళ్ళు, అంతకుముందు అలా నడిచింది నాకు గుర్తులేదు. ఇంటి దగ్గర ఆయనకి స్కూటర్ మీద రెయిన్‌కోటు, నాకు నా గొడుగు.

సింగపూర్ తిరిగొచ్చాక అమ్మాయి గుమ్మం దగ్గర నీలం గొడుగు తెరిచి ఆరబెడుతూ, “అమ్మా, నేనిచ్చింది ఏదీ? దీనికి ఈ టేపు ముక్కేంటి, ఏదో ప్లాస్టిక్ కూడా అంటుకుని ఉంది?” అంది.

నేను వంటింట్లో కుక్కర్ మూత పెడుతున్నాను. వాళ్ళ నాన్న పేపర్లోంచి తలెత్తకుండా, “ధర చీటీ అమ్మా” అన్నారు.